ఆరు అంకెలు తేల్చుకోవడం: డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఎబిలిటీ స్కోర్లు, నా అనుభవం

ఒక్కొక్కరు ఒక్కో పాత్రను (క్యారెక్టర్‌ను) నడుపుతూ పాచికలతో కథ ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో కొత్త క్యారెక్టర్లు తయారు చేసుకోవడానికి కూర్చున్నప్పుడు వచ్చే పేచీలు చాలావరకు ఆరు అంకెల చుట్టూనే తిరుగుతాయి. స్ట్రెంగ్త్ (బలం), డెక్స్‌టెరిటీ (చురుకుదనం), కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం), ఇంటెలిజెన్స్ (తెలివి), విజ్‌డమ్ (వివేకం), కరిష్మా (ఆకర్షణ): ఈ ఆరు ఎబిలిటీల్లో ఒక్కోదానికీ ఒక్కో స్కోరు కావాలి. వాటిని తేల్చుకోవడానికి రూల్‌బుక్ మూడు దారులు ఇస్తుంది. నాలుగు పాచికలు వేసి అన్నిటికన్నా చిన్నది తీసేయడం ఒకటి. 15, 14, 13, 12, 10, 8 అనే తయారు వరుసను తీసుకోవడం రెండోది. 27 పాయింట్లతో స్కోర్లు కొనుక్కోవడం మూడోది. డీఎంగా (ఆట నడిపే డంజియన్ మాస్టర్‌గా) ఈ మూడింటినీ, పాత ఎడిషన్ల పద్ధతుల్నీ నడిపాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది: ఎవరికో తక్కువ పడినంత మాత్రాన ఆట చెడదు. పక్క కుర్చీలో ఉన్నవాళ్లకూ వాళ్లకూ మధ్య తేడా మరీ పెరిగితే చెడుతుంది. పద్ధతి ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది ఆ తేడానే.

తేడా ఎంత పని చేస్తుందో తెలియాలంటే స్కోరును పక్కన పెట్టి మోడిఫయర్‌ను చూడాలి. ఆటలో స్కోరు నేరుగా వాడే సందర్భాలు చాలా తక్కువ. దాడి లాంటి ప్రయత్నాలకు వేసే ఇరవై ముఖాల పాచికకు కలిపేది మోడిఫయర్. స్కోరులోంచి 10 తీసేసి, మిగిలినదాన్ని సగం చేసి, కిందికి దించితే అది వస్తుంది. 2000లో మూడో ఎడిషన్‌తో వచ్చిన లెక్క ఇది, ఇప్పటికీ అదే. 10, 11 అయితే సున్నా. 12, 13 అయితే +1. 14, 15 అయితే +2. అలా 20కి +5. కొత్తవాళ్లు తప్పు చేసేది 10 కన్నా కింద. 9కి సున్నా అని, 7కి -1 అని రాసేస్తారు. కిందికి దించడమంటే సున్నా వైపు జరపడం కాదు. 9కి -1, 7కి -2. షీట్లు సరిచూసేటప్పుడు నేను మొదట ఈ చిన్న స్కోర్ల దగ్గరే ఆగుతాను.

ఇప్పుడు ఇద్దరు ఫైటర్లను ఒక గోబ్లిన్ ముందు నిలబెడదాం. 2014 మాన్‌స్టర్ మాన్యువల్ గోబ్లిన్‌కు ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే పాచికా బోనస్‌లూ కలిపి చేరాల్సిన అంకె) 15, హిట్ పాయింట్లు (పడిపోయేలోపు తట్టుకునే దెబ్బ) 7. మొదటి ఫైటర్‌కు 18 పడింది, దానికి క్యారెక్టర్ తయారీలో వచ్చే బోనస్ 2 కలిసి స్ట్రెంగ్త్ 20 అయింది. రెండో ఫైటర్‌కు పడిన పెద్ద స్కోరు 14, రెండు కలిస్తే 16. ఇద్దరూ ఒంటిచేత్తో లాంగ్‌స్వోర్డ్ పట్టారు, ఇద్దరి ప్రొఫిషియెన్సీ బోనస్ (నేర్చిన పనికి కలిసే అంకె) +2. మొదటివాడికి దాడి మీద +7, అంటే పాచిక మీద 8 పడితే చాలు, తగిలే అవకాశం 65 శాతం. రెండోవాడికి +5, కాబట్టి 10 పడాలి, అవకాశం 55 శాతం. ఇక్కడితో ఆగితే పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ దెబ్బ చేసే నష్టానికీ మోడిఫయర్ కలుస్తుంది, కాబట్టి అదీ మారుతుంది. ఎనిమిది ముఖాల పాచిక మీద 2 పడినా మొదటివాడి దెబ్బకు 7 పూర్తవుతాయి. రెండోవాడికి కనీసం 4 పడాలి. క్రిటికల్ హిట్లను (20 పడితే తగిలే పెద్ద దెబ్బలను) లెక్కలోకి తీసుకోకపోతే, ఒక్క వేటుకు గోబ్లిన్ పడిపోయే అవకాశం మొదటివాడికి సుమారు 57 శాతం, రెండోవాడికి సుమారు 34 శాతం. ఇద్దరూ ఒకే క్లాసు (పాత్ర వృత్తి), ఒకే ఆయుధం, ఒకే లెవెల్. ఇలాంటి ఇద్దరు ఒకే టేబుల్ మీద నెలల తరబడి ఆడితే రెండో ఆటగాడు తన వంతు వచ్చినప్పుడు కూడా ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. దాన్ని అతని ఆసక్తి లోపంగా చూడటం అన్యాయం.

పాచికల పద్ధతి అంకెల్లో ఎలా ఉంటుందో కూడా తెలిసి ఉండాలి. నాలుగు ఆరుముఖాల పాచికలు మొత్తం 1,296 రకాలుగా పడతాయి. చిన్నది తీసేసి మూడు కలిపితే సగటు 12.24. అన్నిటికన్నా ఎక్కువగా పడేది 13. ఒక వేతలో 18 వచ్చే అవకాశం 1.6 శాతం, ఆరు వేతల్లో కనీసం ఒక్క 18 కనిపించే అవకాశం 9 శాతం పైచిలుకు. 16 గాని అంతకన్నా పెద్దది గాని కనీసం ఒకటి వచ్చే అవకాశం సుమారు 57 శాతం. చాలామంది గమనించనిది మరో కొస. ఆరు వేతల్లో 7 గాని అంతకన్నా తక్కువ గాని కనీసం ఒకటి పడే అవకాశం దాదాపు 30 శాతం. అంటే నలుగురు ఆటగాళ్లు విడివిడిగా వేసుకుంటే ఒకరికైనా -2 మోడిఫయర్ ఉన్న క్యారెక్టర్ రావడం వింతేమీ కాదు. సగటున ఆరు స్కోర్ల మొత్తం 73.5 దాకా వస్తుంది. తయారు వరుస మొత్తం 72. కాబట్టి పాచికలు వేస్తే బాగా లాభం అనుకోవడం సరికాదు. సగటులో వచ్చేది కొంచెమే. పెరిగేదల్లా మనిషికీ మనిషికీ మధ్య తేడా.

ఇక వేసే విధానం. పాచికలు చేతిలోకి తీసుకోకముందే కొన్ని విషయాలు తేలిపోవాలి, తేలినవి అందరికీ కనబడేలా ఒక కాగితం మీద రాసి పెట్టాలి. వేయడం ఎవరి సమక్షంలో? స్కోర్లు పడిన వరుసలోనే పెట్టుకోవాలా, నచ్చిన చోట పెట్టుకోవచ్చా? మళ్లీ వేసుకునే వీలు ఎప్పుడు? పాచిక టేబుల్ కింద పడితే, పుస్తకం అంచుకు వాలి నిలబడితే ఏం చేయాలి? చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ వాలిన పాచిక మీద 6 కనిపిస్తే ఒకలా, 1 కనిపిస్తే ఒకలా వాదన జరుగుతుంది. వాలినా, కింద పడినా ఆ ఒక్క పాచిక మాత్రం మళ్లీ వేయాలన్నది నేను పెట్టే నియమం. నాలుగూ మళ్లీ వేస్తే మిగతా మూడింటి ఫలితం పోతుంది, అది ఎవరో ఒకరికి బాధే.

ఇంటి దగ్గర వేసుకొచ్చిన స్కోర్లను నేను ఒప్పుకోను. తొండి చేస్తారని కాదు. 17, 16, 16 తో వచ్చిన మనిషి నిజంగానే మొదటి వేతలో తెచ్చుకున్నా, ఆ అనుమానం టేబుల్ మీద మిగిలిపోతుంది, పాపం అతను ఆ బరువు మోయాల్సి వస్తుంది. ఆటగాళ్లు వేరే వేరే ఊళ్లలో ఉండి ఆన్‌లైన్‌లో ఆడితే పని ఇంకా సులువు. రోల్20 లాంటి వేదికలో నాలుగు వేసి పెద్ద మూడు ఉంచమనే ఆదేశం ఒక్క వరుసలో ఇవ్వొచ్చు, ఫలితం అందరి తెర మీదా కనిపిస్తుంది, తీసేసిన పాచిక కూడా రంగు తగ్గి అక్కడే ఉంటుంది.

నిజమైన పాచికలైతే లూడో పెట్టెలో వచ్చే బుల్లి పాచికలు వద్దు. మరీ తేలికగా ఉంటాయి, గుంటలు లోతుగా ఉంటాయి, అరచేతిలోంచి జారి దొర్లకుండానే ఆగిపోతాయి. ఒకే సైజు పాచికలు నాలుగు, వేయడానికి అంచున్న పళ్లెం లేదా మూత, అడుగున ఒక గుడ్డ ఉంటే చాలు. వేసిన వెంటనే నాలుగు అంకెలూ రాయాలి. మొత్తం ఒక్కటే రాస్తే తర్వాత లెక్క సరిచూడటం కుదరదు. 6, 6, 4, 2 పడితే అలాగే రాసి, 2 కొట్టేసి, పక్కన 16 అని వేయాలి. చిన్నది కొట్టేయబోయి రెండు సమానంగా ఉన్నప్పుడు రెండూ కొట్టేయడం కూడా జరుగుతుంది. 5, 5, 2, 2 లో ఒక్క 2 మాత్రమే పోతుంది, స్కోరు 12.

మళ్లీ వేసుకునే షరతు దగ్గర చాలా టేబుళ్లు మొత్తాన్ని కొలతగా పెట్టుకుంటాయి: 70 దాటకపోతే మళ్లీ వేయి, అలా. మొత్తం ఒక్కటే చూస్తే మోసపోతాం. ఆరు 12లు వచ్చాయనుకోండి, మొత్తం 72, తయారు వరుసతో సమానం. మోడిఫయర్లు కలిపితే +6, తయారు వరుసకు +5 మాత్రమే. అయినా ఆ క్యారెక్టర్‌కు ఏ పనిలోనూ చేయి తిరిగినతనం ఉండదు. అందుకే షరతులో అన్నిటికన్నా పెద్ద స్కోరు కూడా ఉండాలి. మూడో ఎడిషన్‌లో ఈ నియమం చక్కగా రాశారు: మోడిఫయర్ల మొత్తం సున్నా గాని అంతకన్నా తక్కువ గాని అయితే, లేదా పెద్ద స్కోరు 13 దాటకపోతే, మొత్తం మళ్లీ వేయొచ్చు. నేను దాన్ని కొంచెం బిగించి వాడతాను. పెద్ద స్కోరు 14 దాటకపోయినా, మోడిఫయర్ల మొత్తం +2 కన్నా తక్కువైనా, ఏడో వేత ఒకటి వేసి చిన్న స్కోరు బదులు పెట్టుకోవచ్చు. మొత్తం చెరిపేసి కొత్తగా మొదలుపెట్టడం కన్నా ఇది మేలు, ఎందుకంటే వచ్చిన మంచి స్కోర్లు పోవు, ఇంకా బాగా పడతాయేమోనన్న ఆశతో పదేపదే వేసే అలవాటూ మొదలవదు.

ఔదార్యంతో చేర్చే నియమాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోవడం మరో చిక్కు. 1 పడితే మళ్లీ వేయొచ్చు అన్నది చాలామందికి ఇష్టమైన నియమం. నాలుగు వేసి చిన్నది తీసేసే పద్ధతికి దీన్ని జోడిస్తే స్కోరు సగటు 12.24 నుంచి 13.43కు పెరుగుతుంది. ఆరింటికి కలిపి 80 దాటుతుంది. ఇక ఆ టేబుల్ మీద రూల్‌బుక్‌లో రాసిన ఎన్‌కౌంటర్లు (పోరాటాలు) తేలిపోతాయి, డీఎం రాక్షసుల హిట్ పాయింట్లు పెంచుకుంటూ పోవాల్సి వస్తుంది. అలాగే, పాచికలు వేసి చూసి నచ్చకపోతే తయారు వరుస తీసుకోవచ్చు అన్న వెసులుబాటు కూడా సగటును పైకి లాగుతుంది. ఇస్తే అందరికీ ఇవ్వండి, తెలిసి ఇవ్వండి. నేను మాత్రం పాచికలా, వరుసా అన్నది వేయకముందే చెప్పమంటాను.

ఇవన్నీ చూశాక నాకు బాగా నచ్చినది, ఎక్కువగా వాడేది, అందరికీ ఒకే వరుస. నలుగురు ఆటగాళ్లుంటే ఒక్కొక్కరు ఒక్కో స్కోరు వేస్తారు, మిగిలిన రెండూ డీఎం వేస్తాడు. ఐదుగురైతే డీఎంకు ఒక్కటే. వచ్చిన ఆరు అంకెలనూ అందరూ వాడుకుంటారు, ఎవరికి నచ్చిన చోట వాళ్లు పెట్టుకుంటారు. పాచికల ఉత్కంఠ మిగులుతుంది, మనుషుల మధ్య తేడా పోతుంది. ఒకరు 18 వేస్తే టేబుల్ అంతా కేక పెడుతుంది, ఎందుకంటే అది అందరిదీ. 6 పడితే ఆ 6 ఎక్కడ పెట్టాలా అని అందరూ తలో దిక్కు ఆలోచిస్తారు, ఒకరు బలం లేని విజార్డ్, ఒకరు మొరటు బార్బేరియన్. ఒకే అంకెల నుంచి నలుగురు ఎంత వేరుగా వస్తారో ఈ పద్ధతిలోనే బాగా కనిపిస్తుంది.

అలా వచ్చిన ఒక వరుసను తీసుకుని చివరిదాకా చూద్దాం. 6, 4, 3, 1 తో 13. 5, 5, 2, 2 తో 12. 6, 6, 4, 2 తో 16. 3, 3, 2, 1 తో 8. 5, 4, 4, 3 తో 13. 6, 5, 3, 3 తో 14. పెద్దది ముందు పెడితే 16, 14, 13, 13, 12, 8. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం క్లెరిక్‌ను (దైవశక్తితో మంత్రాలు వేసే క్లాసు) కడదాం. 2014లో స్కోర్లకు కలిసే బోనస్ రేస్ (పాత్ర జాతి) నుంచి వచ్చేది. 2024లో బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర పూర్వజీవితం) నుంచి వస్తుంది, ప్రతి బ్యాక్‌గ్రౌండ్‌కూ మూడు ఎబిలిటీలు రాసి ఉంటాయి, వాటిలో ఒకదానికి 2, మరోదానికి 1 కలపొచ్చు, లేదా మూడింటికీ ఒక్కొక్కటి కలపొచ్చు. ఏదీ 20 దాటకూడదు. అకోలైట్ అనే బ్యాక్‌గ్రౌండ్‌కు ఉన్న మూడూ ఇంటెలిజెన్స్, విజ్‌డమ్, కరిష్మా.

క్లెరిక్ మంత్రాలు విజ్‌డమ్ మీద నడుస్తాయి కాబట్టి 16 అక్కడ పెట్టి 2 కలిపితే 18, మోడిఫయర్ +4. 14 కాన్‌స్టిట్యూషన్‌కు. ఇప్పుడు రెండు 13లు ఉన్నాయి. 13కీ 12కీ మోడిఫయర్ ఒకటే, కాబట్టి బేసి స్కోరును ఊరికే వదిలేస్తే అందులో ఒక పాయింటు వృథా. ప్రొటెక్టర్ దారి (బరువైన కవచం వాడనిచ్చే ఎంపిక) తీసుకుని చెయిన్ మెయిల్ (గొలుసు కవచం) వేసుకునే క్లెరిక్ అయితే ఒక 13 స్ట్రెంగ్త్‌కు ఇవ్వాలి. చెయిన్ మెయిల్ అడిగేది సరిగ్గా 13. అంతకన్నా తక్కువైతే నడక వేగం 10 అడుగులు తగ్గుతుంది. స్కోరును నేరుగా చూసే అరుదైన చోట్లలో ఇదొకటి, ఇక్కడ 13 వృథా కాదు. రెండో 13 కరిష్మాకు పెట్టి బ్యాక్‌గ్రౌండ్ ఇచ్చే 1 కలిపితే 14 అవుతుంది. 12 డెక్స్‌టెరిటీకి, 8 ఇంటెలిజెన్స్‌కు. చెయిన్ మెయిల్‌లో డెక్స్‌టెరిటీ కలవదు, ఆర్మర్ క్లాస్ 16 నిలకడగా ఉంటుంది. ఆ 12 ఇనిషియేటివ్‌కూ (పోరాటంలో ఎవరి వంతు ముందో తేల్చేది), ఫైర్‌బాల్ మంత్రం లాంటివి తప్పించుకోవడానికి వేసే పాచికకూ (సేవ్) పనికొస్తుంది. ఇక్కడ ఏ పాయింటూ ఖాళీగా కూర్చోలేదు. ప్రతి షీట్‌నూ ఇలా చూడటం అలవాటైతే 16 రాలేదన్న బెంగ చాలావరకు తగ్గుతుంది.

బేసి స్కోరు కావాలనే ఉంచుకునే సందర్భం ఒకటుంది. మొదటి లెవెల్లో 17 ఉంటే, నాలుగో లెవెల్లో తీసుకునే ఫీట్‌తో (అదనపు నైపుణ్యం) పాటు ఆ ఎబిలిటీకి 1 కలిసి 18 అవుతుంది. 2024 పుస్తకంలో నాలుగో లెవెల్ నుంచి దొరికే ఫీట్లలో ఎక్కువ వాటికి ఈ 1 ఉంటుంది. కాబట్టి ముఖ్యమైన ఎబిలిటీలో 17 మంచి పెట్టుబడే.

కాన్‌స్టిట్యూషన్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చిన్న స్కోరు అక్కడ పడేసే విజార్డ్ ఆటగాళ్లను ఆపడం డీఎంగా నా పనుల్లో ఒకటి. విజార్డ్ హిట్ డై (హిట్ పాయింట్లు తేల్చే పాచిక) ఆరు ముఖాలది. కాన్‌స్టిట్యూషన్ 8 ఉంటే మొదటి లెవెల్లో హిట్ పాయింట్లు 5, తర్వాత లెవెల్‌కు స్థిరంగా 4 తీసుకుంటే అందులో ఒకటి పోయి 3 చొప్పున ఐదో లెవెల్‌కు 17. అదే 14 ఉంటే 8తో మొదలై ఐదో లెవెల్‌కు 32. ఎదుటి పక్షం వేసే ఫైర్‌బాల్ ఎనిమిది ఆరుముఖాల పాచికలు, సగటు 28. సేవ్ తప్పితే ఒకరు నేల మీద ఉంటారు, ఒకరు నిలబడి బదులిస్తారు. మంత్రం మీద ఏకాగ్రత నిలుపుకునే సేవ్ కూడా కాన్‌స్టిట్యూషన్‌దే. మామూలు దెబ్బకు లక్ష్యం 10 అయితే +2 ఉన్నవాళ్లు 65 శాతం నిలుపుకుంటారు, -1 ఉన్నవాళ్లు సగం సార్లే.

చిన్న స్కోరు ఎక్కడ పెట్టాలన్నప్పుడు ఐదో ఎడిషన్‌లో చాలామంది చేతులు ఇంటెలిజెన్స్ వైపే పోతాయి. విజార్డ్ కానివాళ్లకు అది పెద్ద నష్టం కాదు, ఇంటెలిజెన్స్ సేవ్ అడిగేవి తక్కువ. కానీ అడిగేవి భయంకరమైనవి. మైండ్ ఫ్లేయర్ అనే రాక్షసి చేసే మైండ్ బ్లాస్ట్ దాడికి టేబుల్ అంతా -1తో నిలబడితే ఒక్క ఊపులో అందరూ ఏమీ చేయలేని స్థితికి రావచ్చు. అందరూ ఒకే చోట చిన్న స్కోరు పెట్టకుండా కలిసి కూర్చుని పెట్టుకోమనేది అందుకే.

పాయింట్ల పద్ధతి మీద నాకు గౌరవం ఉంది, ముఖ్యంగా మధ్యలో కొత్త ఆటగాళ్లు వచ్చి చేరే దీర్ఘమైన ఆటలకు. అన్నీ 8తో మొదలవుతాయి. 9కి 1, 10కి 2, 11కి 3, 12కి 4, 13కి 5. ఇక్కడి నుంచి మెట్టు ఎత్తు పెరుగుతుంది, 14కి 7, 15కి 9. మొత్తం 27. తప్పులు రెండు చోట్ల. 8 నుంచి 15 అంటే ఏడు మెట్లు కదా అని 7 పాయింట్లే రాసేస్తారు, కావాల్సింది 9. రెండోది, బ్యాక్‌గ్రౌండ్ బోనస్‌ను ముందే కలిపేసి 16 కొనాలని చూస్తారు. కొనడం 15తో ఆగాలి, బోనస్ ఆ తర్వాతే. 15, 15, 15, 8, 8, 8 సరిగ్గా 27, చూడటానికి బలంగా ఉంటుంది, మూడు బోనస్‌లు కలిపితే మూడు 16లు, మోడిఫయర్ల మొత్తం +6. 13, 13, 13, 12, 12, 12 కూడా సరిగ్గా 27. దానికి ఒక్కొక్కటి చొప్పున మూడు బోనస్‌లు కలిపితే మూడు 14లు, మూడు 12లు, మొత్తం +9, ఎక్కడా మైనస్ లేదు. నేను ఈ రెండు కొసలనూ సలహా ఇవ్వను. 15, 15, 13, 10, 10, 8 గాని 14, 14, 13, 12, 12, 8 గాని చాలా క్లాసులకు సుఖంగా సరిపోతాయి, రెండూ 27కే వస్తాయి. పాలడిన్, మాంక్ లాంటి రెండు ఎబిలిటీల మీద బతికే క్లాసులకు మొదటిది.

పాచికల ఉత్కంఠ కావాలి, మొత్తం మాత్రం అందరికీ సమానంగా ఉండాలి అనుకునేవాళ్లకు పేకముక్కలతో మంచి దారి ఉంది. ఒక పేక కట్టలోంచి ఆరులు మూడు, ఐదులు నాలుగు, నాలుగులు నాలుగు, మూడులు నాలుగు, రెండులు మూడు తీయాలి. మొత్తం 18 ముక్కలు, అన్నీ కలిపితే 72. బాగా కలిపి, మూడేసి ముక్కల చొప్పున ఆరు కుప్పలు వేసి తిప్పాలి. ఒక్కో కుప్ప ఒక్కో స్కోరు. ఒక చోట 16 వస్తే మరో చోట తగ్గాల్సిందే, ఎందుకంటే కట్టలో ఉన్నవి అవే ముక్కలు. 6 కన్నా తక్కువ రావడం అసాధ్యం. ప్రతి ఆటగాడికీ ముందు 18 ముక్కలూ లెక్కపెట్టుకోవాలి. ఒక్క ముక్క పెట్టెలో ఉండిపోయినా చివరి కుప్ప రెండు ముక్కలతో మిగిలి అంతా మళ్లీ పంచాల్సి వస్తుంది.

మూడు పాచికలు, పడిన వరుసలోనే, మార్పు లేదు అన్న పాత పద్ధతిని ఇప్పటి ఆటలో పెట్టాలనుకునేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన మొదటి ఆటలో ఆ స్కోర్లు చేసే పని చాలా తక్కువ. ఎక్కువ స్ట్రెంగ్త్ ఉంటే దెబ్బ గట్టిగా తగులుతుందన్న నియమమే అందులో లేదు, 1975 గ్రేహాక్ అనుబంధంతో వచ్చింది. స్కోరు బరువు పెరిగేకొద్దీ వేసే పద్ధతి ఉదారంగా మారుతూ వచ్చింది. 1978 అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాలడిన్ కావాలంటే కరిష్మా 17 ఉండాలి. మూడు పాచికలతో 17 గాని 18 గాని పడే అవకాశం 2 శాతం కూడా లేదు. 1979 డంజియన్ మాస్టర్ గైడ్ ఇచ్చిన నాలుగు పద్ధతుల్లో మొదటిదే నాలుగు వేసి చిన్నది తీసేయడం. 1981 బేసిక్ సెట్‌లో మూడు పాచికలే ఉన్నా, మోడిఫయర్లు +3 దాటవు, 9 నుంచి 12 దాకా ఏమీ ఉండదు, పైగా ఒక ఎబిలిటీలో రెండు తగ్గించి క్లాసుకు ముఖ్యమైనదాన్ని ఒకటి పెంచుకునే వీలుంది. ఆ చట్రంలో 11 హాయిగా ఆడుకోదగ్గ స్కోరు. దాన్ని తీసుకొచ్చి 20కి +5 ఇచ్చే ఐదో ఎడిషన్‌లో పెడితే పద్ధతి ఒకటి, ఆట ఒకటి అవుతుంది.

అలాగని పడిన వరుసలోనే పెట్టుకునే పద్ధతిలో మజా లేదని కాదు. ఏ క్లాసు ఆడాలో పాచికలే చెబుతాయి, ఎప్పుడూ రోగ్ తప్ప ఆడనివాళ్లు డ్రూయిడ్ ఆడతారు. 2012లో వచ్చిన డంజియన్ క్రాల్ క్లాసిక్స్ అనే మరో ఆట దీన్ని బాగా వాడుకుంది. ఒక్కో ఆటగాడికి రెండు నుంచి నాలుగు దాకా మామూలు పల్లెజనం, అందరికీ మూడు పాచికల స్కోర్లే, బతికి బయటపడ్డవాళ్లే మొదటి లెవెల్‌కు వెళ్తారు. అందరి చేతిలోనూ బలహీనులే ఉన్నప్పుడు ఎవరికీ లోటనిపించదు. ఒక్క రోజులో ముగిసే ఆటలో ఐదో ఎడిషన్‌తో కూడా ఈ పద్ధతి పెట్టొచ్చు. నేనైతే ఏవైనా రెండు స్కోర్లను ఒక్కసారి అటూ ఇటూ మార్చుకోనిస్తాను.

కాల్ ఆఫ్ కథుల్హు అనే భయానక రోల్‌ప్లేయింగ్ ఆట ఏడో ఎడిషన్ నడిపేవాళ్లకు ఒక్క హెచ్చరిక. అక్కడ స్ట్రెంగ్త్, కాన్‌స్టిట్యూషన్, డెక్స్‌టెరిటీ, అప్పియరెన్స్, పవర్ మూడు పాచికలు వేసి ఐదుతో గుణించాలి. సైజ్, ఇంటెలిజెన్స్, ఎడ్యుకేషన్ మాత్రం రెండు పాచికలకు 6 కలిపి ఐదుతో గుణించాలి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అలవాటుతో ఎనిమిదింటికీ ఒకేలా వేసేస్తారు. ఆరు కలిపాకే గుణించాలి, గుణించాక కలిపితే లెక్క పూర్తిగా పాడవుతుంది.

అందరికీ ఒకే వరుస పెట్టుకున్న టేబుల్ అయితే ఆ ఆరు అంకెలను డీఎం తన నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి ఉంచుకోవాలి. ఆట మధ్యలో క్యారెక్టర్ చనిపోతే కొత్తది కూడా ఆ అంకెలతోనే మొదలవుతుంది. లేకపోతే తక్కువ స్కోర్లు ఉన్న క్యారెక్టర్‌ను కావాలనే చావుకు వదిలేసి కొత్తగా వేసుకోవాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఐదో లెవెల్లో చేరే కొత్త క్యారెక్టర్‌కు ముందు వరుసలోని ఆరు అంకెలు పెట్టాలి, తర్వాత బ్యాక్‌గ్రౌండ్ బోనస్ కలపాలి, ఆ తర్వాతే నాలుగో లెవెల్ ఫీట్ గాని, ఒకదానికి రెండు లేదా రెండింటికి ఒక్కొక్కటి పెంచుకోవడం గాని. ఇంత అయ్యాకే హిట్ పాయింట్ల లెక్క మొదలుపెట్టాలి. ఫీట్ వల్ల కాన్‌స్టిట్యూషన్ మోడిఫయర్ ఒకటి పెరిగితే, దాటొచ్చిన ప్రతి లెవెల్‌కూ ఒక్కో హిట్ పాయింట్ వెనక్కి వెళ్లి కలపాలి. ఐదో లెవెల్లో అవి 5.